షెడ్డు ఉత్తరాలు: వేలాడే గేర్ రాడ్

ఈ విడత ఉత్తరాల్లో ఎక్కువ భాగం మోటార్ సైకిల్ గేర్ల గోలే. ఒకాయన గేరు పడటం లేదంటాడు, ఇంకొకాయన పడ్డది నిలవడం లేదంటాడు, మరొకాయన రాడ్డే ఊడి చేతికొచ్చిందని ఫొటో పంపాడు. ఫొటోలో బండి కంటే ఆయన బొటనవేలే పెద్దగా ఉంది. అయినా సంగతి అర్థమైంది.

ప్రశ్న: మా నాన్నగారి నూరు సీసీ బండి ఇప్పుడు నేను నడుపుతున్నాను. వయసు ఇరవై ఆరేళ్ళు (బండికి). గేర్లన్నీ ముందుకు తొక్కితే పడేవే. పది రోజుల కిందట రెండో గేరు వేసి పాదం తీస్తే రాడ్ పైకి రాలేదు, కిందే ఉండిపోయింది. మడమతో వెనక రాడ్డును నొక్కి నడిమికి తెచ్చి, మళ్ళీ ముందుకు తొక్కితే మూడోది పడింది. అలాగే ఇల్లు చేరాను. చూసినవాళ్ళు గేర్‌బాక్స్ పోయింది, ఇంజన్ మొత్తం విప్పాలన్నారు. నిజమేనా? నాకు పానాలు పట్టడం వచ్చు, క్లచ్ ప్లేట్లు ఒకసారి నేనే మార్చాను. — నాన్న బండి నడుపుతున్న కూతురు

జవాబు: అమ్మా, గేర్‌బాక్స్‌కేం కాలేదు. ఆ మాట అన్నవాళ్ళను కాస్త దూరంగా కూర్చోబెట్టండి. మీ ఉత్తరంలోనే జవాబుంది: నడిమికి తెచ్చి మళ్ళీ తొక్కితే మూడోది పడింది. అంటే లోపల గేర్లు, వాటిని పక్కకు జరిపే ఫోర్కులు, ఆ ఫోర్కులను కదిపే డ్రమ్ము అన్నీ తమ పని తాము చేస్తున్నాయి. రాడ్డును నడిమికి తెచ్చే పని ఒక్కటే ఎవరూ చెయ్యడం లేదు. ఆ పని రిటర్న్ స్ప్రింగ్‌ది. అది విరిగి ఉంటుంది, లేదా అది ఆనుకునే స్టాపర్ బోల్టు వదులై ఉంటుంది. ఈ రెంటిలో ఒకటి.

మొదట్లో మోటార్ సైకిళ్ళకు గేరు చేత్తో వేసేవాళ్ళు. ట్యాంకు పక్కన ఒక కర్ర ఉండేది, దానికి గాడులుండేవి, ఏ గాడిలో పెడితే ఆ గేరు. చెయ్యి హ్యాండిల్ మీంచి తియ్యక తప్పేది కాదు. 1920ల చివర్లో ఇంగ్లండ్‌లోని వెలొసెట్ కంపెనీ తన రేసు బళ్ళకు కాలితో వేసే పద్ధతి తెచ్చింది. ఒక్క తొక్కుడుకు ఒక్క గేరు, వెంటనే రాడ్ మళ్ళీ మొదటి చోటికి. ఇవాళ మీరూ నేనూ తొక్కుతున్నది అదే. అంటే మీ బండి ఇప్పుడు పాత కర్ర కాలానికి వెళ్ళిపోయిందన్నమాట, స్ప్రింగ్ చేసే పని మీ మడమ చేస్తోంది.

విప్పే ముందు ఒక్క చిన్న పరీక్ష. బండిని డబుల్ స్టాండ్ వేసి, గేర్ రాడ్ పక్కన నేల మీద కూర్చోండి. రాడ్ మొదట్లో షాఫ్ట్ (రాడ్ తిప్పే ఇరుసు) కొన ఒకటి బయటికి పొడుచుకొని కనిపిస్తుంది, చుట్టూ సన్నటి పళ్ళుంటాయి. దాన్నే చూస్తూ చేత్తో రాడ్డును పైకీ కిందికీ ఆడించండి. రాడ్డుతో పాటు ఆ కొన కూడా తిరిగితే తప్పు లోపల. రాడ్ ఊగుతూ కొన కదలకపోతే తప్పు రాడ్ పళ్ళలో, ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. ఇంకోటి, రాడ్డు ఎక్కడైనా కవరుకు గానీ ఫుట్‌రెస్టుకు గానీ రాసుకుంటోందేమో చూడండి. బండి ఒకసారి ఎడమ పక్కకు పడి ఉంటే రాడ్ లోపలికి వంగి కవరును పట్టుకుంటుంది. అప్పుడూ ఇదే జబ్బులా కనిపిస్తుంది, తొక్కితే వెనక్కి రాదు.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పని నేర్చుకునే రోజుల్లో నేనొక ఇంజన్‌ను అనవసరంగా రెండు ముక్కలు చేశాను. గేరు వెనక్కి రావడం లేదని బండి వచ్చింది. మా గురువుగారు ఊళ్ళో లేరు, నాకేమో చేతులు దురద. సాయంత్రానికి ఇంజన్ దించి, కేసు (ఇంజన్ డొప్ప) చీల్చి, ఫోర్కులూ డ్రమ్మూ వరసగా బల్ల మీద పేర్చాను. అన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. మర్నాడు ఆయన వచ్చి బల్ల వైపు చూడనైనా చూడకుండా మూలన పడేసిన గేర్ రాడ్ తీసి వేలితో తడిమారు. లోపలి వైపు ఇనుము తళతళా మెరుస్తోంది, కవరుకు రాసుకొని రాసుకొని. వంగిన రాడ్డును వైస్‌లో బిగించి తిన్నగా చెయ్యడం రెండు నిమిషాల పని. ఇంజన్ తిరిగి కట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆయన ఏమీ అనలేదు. ఆ మెరిసే మచ్చ మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందుంది.

సరే, మీ బండి. షాఫ్ట్ కొన రాడ్డుతో పాటు తిరుగుతోందనుకుందాం. ఈ రకం ఇంజన్లలో గేర్ రాడ్ ఎడమ పక్కన ఉన్నా, షాఫ్ట్ ఇంజన్‌లోంచి అడ్డంగా దూరి కుడి పక్కకు వస్తుంది. అసలు సరంజామా అంతా అక్కడ, క్లచ్ వెనకాల దాక్కొని ఉంటుంది. కాబట్టి మీరు విప్పాల్సింది కుడివైపు క్లచ్ కవరు, క్లచ్, అంతే. కేసు చీల్చే పని లేదు. క్లచ్ ప్లేట్లు మార్చిన చెయ్యి కాబట్టి సగం దారి మీకు తెలిసిందే.

ఆయిల్ దింపేటప్పుడు ఇంజన్ కొద్దిగా వెచ్చగా ఉండాలి, తెల్లటి పళ్ళెంలోకి దింపండి. స్ప్రింగ్ విరిగి ఉంటే ముక్క అందులోనే దొరకొచ్చు. దొరక్కపోతే లోపలే ఉందని గుర్తు, దాన్ని వెతికి తీసేదాకా కవరు మూయకండి. అయస్కాంతాన్ని గట్టి తీగకు కట్టి అడుగున తిప్పితే వస్తుంది. గేర్ల మధ్యకు పోతే ఆ చిన్న ముక్కే పెద్ద ఖర్చు అవుతుంది.

కవరు బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ చోటి బోల్టును ఆ చోటే గుచ్చండి. పొడుగు బోల్టు పొట్టి కన్నంలో పడితే కేసు పగులుతుంది, పొట్టిది పొడుగు కన్నంలో పడితే నాలుగు మరలే పట్టి, బిగించేటప్పుడు వాటిని లాక్కొని వస్తుంది. కవరు మొండికేస్తే స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించకండి. అక్కడ పడ్డ గీతలోంచి ఆయిల్ జన్మంతా కారుతుంది. రబ్బరు సుత్తితో చుట్టూ తట్టండి, వదులుతుంది. కవరును సరైన చోట కూర్చోబెట్టే లొకేటింగ్ పిన్నులు రెండుంటాయి, అవి కవరుతో వచ్చాయో కేసులో ఉన్నాయో అప్పుడే చూసుకోండి.

క్లచ్ మధ్య నట్టు విప్పేటప్పుడు క్లచ్ తిరిగిపోతుంటుంది. మీకు ప్రత్యేకమైన పట్టుడు పనిముట్టు లేకపోతే బండిని టాప్ గేరులో పెట్టి, ఎవరినైనా వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టమనండి. చెయిన్ మాత్రం ఉండాలి సుమా. నట్టు కింద వాషర్ చెవులు మడిచి ఉంటే ముందు వాటిని తిన్నగా చేసుకోండి. ఇలాంటి చిన్న బళ్ళలో చాలావాటికి క్లచ్ పక్కనే క్రాంక్ కొన మీద గుండ్రటి ఆయిల్ ఫిల్టర్ డబ్బా ఉంటుంది, క్లచ్ హౌసింగ్ (ప్లేట్లు కూర్చునే గిన్నె) రావాలంటే అది కూడా ఊడాలి. దాని మూత తీశాక లోపల గోడకు అంటిన నల్లటి ముద్దను కూడా తుడిచేయండి. ఇరవై ఆరేళ్ళలో ఎవరైనా తుడిచారో లేదో.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. క్లచ్ హౌసింగ్ లాగేటప్పుడు దాని వీపు వైపు చెయ్యి పెట్టి లాగండి. అక్కడ ఒక పలచటి వాషర్ ఉంటుంది. అది క్లచ్ షాఫ్ట్ మీద ఉండిపోదు, ఆయిల్‌కు అంటుకొని హౌసింగ్‌తో పాటు వచ్చేస్తుంది. హౌసింగ్‌ను బల్ల మీద పెట్టాక, ఆయిల్ కారిపోయాక, దానంతటదే రాలి ఎక్కడో పడుతుంది. బండి కట్టాక బల్ల కింద వాషర్ దొరికితే ఆ రాత్రి నిద్ర ఉండదు.

క్లచ్ తీశాక కనిపించేది చూడటానికి భలే ఉంటుంది. షాఫ్ట్ చివర ఒక రెక్క, దానికి కొక్కెం లాంటి నోరు. ఆ నోటికి ఎదురుగా నక్షత్రం ఆకారంలో ఒక ప్లేటు, అది గేర్ డ్రమ్ము నెత్తిన బిగించి ఉంటుంది. కొక్కెం ఒక్కసారి లాగితే నక్షత్రం ఒక్క కోణం తిరుగుతుంది, అదే ఒక గేరు. నక్షత్రం పల్లంలో చిన్న రోలరు ఒకటి స్ప్రింగ్ బలంతో కూర్చొని, డ్రమ్మును అటూ ఇటూ జారనివ్వదు. కాలికి "టక్" మని తెలిసేది ఆ రోలరు పల్లంలో పడినప్పుడే. రిటర్న్ స్ప్రింగ్ ఇవేవీ కాదు. అది షాఫ్టుకు చుట్టుకొని రెండు కాళ్ళు చాచి ఉంటుంది. ఆ కాళ్ళు కేసుకు బిగించిన స్టాపర్ బోల్టును రెండు పక్కలా పట్టుకొని ఉంటాయి, పిల్లాడు తండ్రి వేలు పట్టుకున్నట్టు. మీ బండిలో ఒక కాలు విరిగి ఉంటుంది. చుట్ట తిరిగే వంపు దగ్గరే ఎక్కువగా విరుగుతాయి.

రెండు కాళ్ళూ బాగానే ఉంటే స్టాపర్ బోల్టును వేళ్ళతో కదిపి చూడండి. వేలికి కదిలిందంటే దొంగ దొరికాడు. దాన్ని తీసి, మరలకు పట్టిన ఆయిల్ పెట్రోల్‌తో కడిగి, ఆరనిచ్చి, మర పట్టే జిగురు ఒక చుక్క వేసి బిగించండి. ఆయిల్ తడి ఉండగా ఆ జిగురు పట్టదు.

స్ప్రింగ్ మార్చాలంటే షాఫ్టును కుడివైపుకు లాగాలి. లాగే ముందు ఎడమ పక్కకు వెళ్ళండి. రాడ్ ఊడదీసే ముందు రాడ్డుకూ షాఫ్టుకూ కలిపి రంగుతో ఒక గీత పెట్టుకోండి, తిరిగి ఎక్కించేటప్పుడు ఒక పన్ను అటూ ఇటూ అయినా పాదానికి తేడా తెలుస్తుంది. తరవాత షాఫ్ట్ కొనను బ్రష్షుతో శుభ్రంగా కడగండి. పక్కనే చెయిన్ స్ప్రాకెట్ కాబట్టి అక్కడ ఇసకా గ్రీజూ కలిసి పెచ్చు కట్టి ఉంటుంది. కడక్కుండా లాగితే ఆ ఇసకే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్ పెదవిని కోసేస్తుంది. ఎలాగూ షాఫ్ట్ బయటికి వస్తోంది కాబట్టి సీల్ కూడా కొత్తది వేసేయండి. షాఫ్ట్ తిరిగి దూర్చేటప్పుడు పళ్ళ మీద పలచటి ప్లాస్టిక్ టేపు ఒక చుట్టు చుట్టి, ఆయిల్ రాసి దూర్చండి, బయటికొచ్చాక టేపు లాగేయండి. షాఫ్ట్ మీద కూడా ఒక వాషర్ ఉండొచ్చు, దాని చోటు గుర్తుపెట్టుకోండి.

కొత్త స్ప్రింగ్ రెండు కాళ్ళూ బోల్టును ఒదిగి పట్టుకోవాలి. మధ్యలో సందు ఉండి రాడ్ నడిమిలోనే లొడలొడలాడుతుంటే అది మీ బండి స్ప్రింగ్ కాదు, వేరే మోడల్‌ది అంటగట్టారు. కాళ్ళు వంచి సరిచేద్దామని మాత్రం అనుకోకండి, వంచిన చోటే విరుగుతుంది.

క్లచ్ ఎక్కించే ముందే రాడ్డును తాత్కాలికంగా తగిలించి గేర్లన్నీ వేసి చూడండి. వెనక చక్రాన్ని ఒక చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో రాడ్ నొక్కాలి. చక్రం తిప్పకపోతే కొన్ని గేర్లు పడవు, కంగారు పడొద్దు, అది జబ్బు కాదు. నాలుగూ ఎక్కి, నాలుగూ దిగి, ప్రతిసారీ రాడ్ ఠక్కున నడిమికి వచ్చాకే మిగతాది కట్టండి. కవరు మూసి, ఆయిల్ పోసి, కిక్ కొట్టాక తెలుసుకునే కన్నా ఇప్పుడు తెలుసుకోవడం మేలు.

కవరుకూ కేసుకూ మధ్య ప్యాకింగ్ కొత్తది వెయ్యండి. కొందరు ప్యాకింగ్ మీద పేస్టు కూడా పూస్తారు, దోశ మీద కారప్పొడిలా. ఎక్కువైన పేస్టు లోపలికి ఉబ్బి, రాలి, ఆయిల్ దారుల్లో అడ్డం పడుతుంది. రెండు ముఖాలూ గీతలు లేకుండా శుభ్రంగా ఉంటే ఉత్త ప్యాకింగ్ చాలు.

పని తెలిసిన చేతికి ఇది ఒక పూట, మీకు ఒక రోజు అనుకోండి. ఆ రోజు దొరికేదాకా మడమతో ఎత్తుకుంటూ నడపొచ్చు, దగ్గర దూరాలకు. లోపల విరిగిన ముక్క తిరుగుతోందేమోనన్న భయం ఉంది కాబట్టి నెలల తరబడి మాత్రం వద్దు.

ప్రశ్న: పాత నూట యాభై సీసీ బండి. పొద్దున బాగానే ఉంటుంది. అరగంట తిరిగాక సిగ్నల్ దగ్గర ఆగితే న్యూట్రల్ పడి చావదు. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దూకుతుంది. ఇంజన్ ఆపగానే మాత్రం హాయిగా పడుతుంది. గేర్ స్ప్రింగులన్నీ మార్పించాను, లాభం లేదు. — పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: స్ప్రింగులు మార్పించకముందు రాసి ఉంటే బావుండేది. "ఇంజన్ ఆపగానే పడుతుంది" అన్నారే, అక్కడే ఉంది కిటుకు. మీ పాదం ఫిర్యాదు చేస్తోంది గానీ తప్పు ఎడమ చేతిది. క్లచ్ పట్టినా పూర్తిగా విడిపోవడం లేదు. ఇంజన్ బలం కొంచెం కొంచెంగా గేర్ల మీదకు పాకుతూనే ఉంది. ఆ బలానికి గేరు పక్క దంతాలు ఒకదాన్నొకటి నొక్కి పట్టుకుంటాయి, ఫోర్కు ఎంత నెట్టినా జారవు. మీరు గట్టిగా తొక్కుతారు, ఒక్కసారిగా వదిలి న్యూట్రల్ దాటి అవతల గేరులో పడతాయి. ఇంజన్ ఆగితే ఆ నొక్కుడు పోతుంది, అందుకే వెన్నలా పడుతుంది.

క్లచ్ లివరు కొస దగ్గర ఎంత ఖాళీగా ఆడుతోందో చూడండి. చాలా బళ్ళకు 10 నుంచి 20 మిల్లీమీటర్లు. అంతకన్నా ఎక్కువ ఆడుతుంటే కేబుల్ సాగింది, బిగిస్తే చాలు. ఇంజన్ కాగాక కూడా ఒకసారి చూడండి, చల్లగా ఉన్నప్పుడు ఒకలా, కాగాక ఒకలా ఉండొచ్చు. కేబుల్ సరిగ్గానే ఉంటే డబుల్ స్టాండ్ మీద ఇంజన్ ఆన్ చేసి, మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా పట్టి, పాదంతో వెనక బ్రేకు మెల్లగా తొక్కండి. చక్రం కొద్దిగా తిరుగుతుండటం మామూలే, ఆయిల్ జిగట వల్ల. బ్రేకు తొక్కగానే మారు మాట్లాడకుండా ఆగాలి. ఆగనని పెనుగులాడుతూ ఇంజన్‌ను కూడా ముక్కించిందంటే క్లచ్ విప్పాల్సిందే.

విప్పాక ఇనుప ప్లేట్లను అద్దం మీద పెట్టి చూడండి, వంగితే అద్దానికీ ప్లేటుకూ మధ్య వెలుతురు కనిపిస్తుంది. తరవాత హౌసింగ్ వేళ్ళను గోటితో తడమండి. పాత బళ్ళలో ప్లేట్ల చెవులు కొట్టీ కొట్టీ ఆ వేళ్ళకు మెట్లు పడతాయి, ప్లేట్లు ఆ మెట్లలో ఇరుక్కొని విడిపోవు. మెట్లు పలచగా ఉంటే సన్న ఆకురాయితో సమం చెయ్యొచ్చు, లోతైతే హౌసింగ్ మార్చాలి. ఇంకా, ఇంజన్లో కారు ఆయిల్ పోస్తున్నారా? డబ్బా మీద జాసో ఎమ్ఏ అని ఉన్నదే తడి క్లచ్ (ఆయిల్లో మునిగి తిరిగే క్లచ్) బళ్ళకు. కొన్ని కారు ఆయిళ్ళలో జారుడు కోసం కలిపే మందులు క్లచ్‌ను జారనిస్తాయి. మీ జబ్బు అది కాదు గానీ, క్లచ్ విప్పుతున్నారు కాబట్టి చెప్పాను.

ఈలోపు ఒక ఉపాయం. సిగ్నల్ దగ్గర బండి పూర్తిగా ఆగాక కాదు, ఇంకా రెండు మూడు గజాలు కదులుతుండగానే రెండో గేరు నుంచి న్యూట్రల్ వెయ్యండి.

ప్రశ్న: రెండో గేరులో ఎత్తు ఎక్కుతుంటే "ఠాప్" మని గేరు ఊడిపోయి ఇంజన్ అరుస్తోంది. మిగతా గేర్లు బాగున్నాయి. చిక్కటి ఆయిల్ పోస్తే తగ్గుతుందన్నారు, పోశాను, తగ్గినట్టే ఉంది. — ఒక విద్యార్థి

జవాబు: తగ్గినట్టే ఉంది అన్న చోటే అనుమానం మీకూ ఉన్నట్టుంది, బాబూ. చిక్కటి ఆయిల్‌తో అరుగుదల పూడదు.

మోటార్ సైకిల్ గేర్‌బాక్సులో గేర్ల పళ్ళు ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. మనం గేరు వేసినప్పుడు ఒక గేరు పక్కకు జరిగి, దాని ముఖాన ఉన్న లావు దంతాలు పక్క గేరు కన్నాల్లో దూరతాయి. ఆ దంతాలను డాగ్స్ అంటాం. వాటి అంచులు పదునుగా, కొంచెం లోపలికి వాలి ఉంటాయి, ఇంజన్ లాగే కొద్దీ ఒకదాన్నొకటి లోపలికి గుంజుకోవాలని. ఆ అంచులు అరిగి గుండ్రంగా అయితే వ్యవహారం తిరగబడుతుంది, లాగే కొద్దీ బయటికి తోసుకుంటాయి. ఎత్తు మీద, థ్రాటిల్ ఇచ్చినప్పుడే ఊడుతోందంటే ఇదే. రెండో గేరుకే ఎందుకంటే, చాలా బళ్ళలో ఒకటి నుంచి రెండుకు మధ్యలో న్యూట్రల్ ఉంటుంది, అక్కడ దూరం ఎక్కువ. కాలు సగం తొక్కి వదిలిన ప్రతిసారీ దంతాల కొసలు మాత్రమే అందుకొని, కొట్టుకొని, చెదురుతాయి. ఏళ్ళ తరబడి అలా జరిగింది.

పైనుంచి చెయ్యగలిగింది ఒక్కటే ఉంది. నక్షత్రం పల్లంలో రోలరు ఉంటుందని పైన రాశాను కదా, దాని స్ప్రింగ్ నీరసించినా గేరు నిలవదు. దాన్ని చూడటానికి క్లచ్ విప్పితే చాలు. కానీ అదే తప్పయితే సాధారణంగా మిగతా గేర్లు కూడా అప్పుడప్పుడు మొరాయిస్తాయి. మీకు రెండోది ఒక్కటే అంటున్నారు కాబట్టి నేను ఆశ పెట్టను. ఇంజన్ దించి కేసు విప్పాలి. అరిగిన గేరు ఒక్కటే కాదు, దానికి జోడీగా దంతాలు కలిపే గేరు కూడా మార్చాలి. పాతదీ కొత్తదీ కలిపితే కొత్తది త్వరగా పాడవుతుంది. ఫోర్కు వంగిందేమో, దాని కొసలు నీలంగా కాలాయేమో చూడమనండి. నీలం కనిపించిందంటే నడిపినవాళ్ళకు పాదం ఎప్పుడూ గేర్ రాడ్ మీదే ఆనించే అలవాటు ఉండేదని అర్థం. ఆ చిన్న బరువుకే ఫోర్కు గాడి గోడకు రాసుకుంటూ వేడెక్కుతుంది. మీ పాదం ఎక్కడ ఉంటుందో ఒకసారి చూసుకోండి.

అప్పటిదాకా ఎత్తుల మీద మొదటి గేరులోనో మూడో గేరులోనో నడపండి. ఊడిన ప్రతిసారీ ఆ అంచులు ఇంకొంచెం పోతాయి.

ప్రశ్న: గేర్ రాడ్ షాఫ్ట్ మీద జారుతోంది. బోల్టు ఎంత బిగించినా రెండు రోజులే. రాడ్డును షాఫ్టుకు వెల్డింగ్ కొట్టించమంటున్నారు. కొట్టించనా? — బొటనవేలి ఫొటో పంపిన పాఠకుడు

జవాబు: వద్దు. వద్దే వద్దు. మొదటి ఉత్తరం చదివారు కదా? ఆ బండికి ఎవరో వెల్డింగ్ కొట్టి ఉంటే ఆ షాఫ్ట్ కుడివైపుకు వచ్చేదా? రెండు బొట్టుల వెల్డింగ్‌తో ఒక స్ప్రింగ్ పనిని షాఫ్ట్ కోసే పనిగా మారుస్తారు. పైగా ఆ వేడికి అంగుళం దూరంలో ఉన్న రబ్బరు సీల్ మాడిపోతుంది, ఆ నెలలోనే ఆయిల్ కారడం మొదలవుతుంది.

బోల్టు పూర్తిగా తీసి చూడండి. రాడ్ చీలిక రెండు పెదవులూ పూర్తిగా కలిసిపోయి ఉంటే ఇక ఎంత బిగించినా బోల్టు తెగుతుందే తప్ప రాడ్ పట్టదు. చాలా బళ్ళలో షాఫ్ట్ మెడ చుట్టూ ఒక గాడి ఉంటుంది, బోల్టు సరిగ్గా ఆ గాడిలోంచి పోవాలి. రాడ్ రెండు మిల్లీమీటర్లు బయటికి ఎక్కించి ఉంటే బోల్టు పళ్ళ మీద నుంచి పోతుంది, అది ఎప్పటికీ పట్టదు. ఈ పొరపాటు నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

చాలాసార్లు అరిగేది రాడ్ లోపలి పళ్ళే, షాఫ్ట్‌వి అంత తొందరగా పోవు. రాడ్ తీసి షాఫ్ట్ కొనను కడిగి, గోటితో గీకి చూడండి. పళ్ళు గోటికి గరగరమని తగిలితే కొత్త రాడ్ ఒక్కటి వేస్తే సరిపోతుంది. నున్నగా జారితే షాఫ్ట్ కూడా మార్చాలి, దానికి మొదటి జవాబే దారి. ఎక్కడో మధ్యలో ఇరుక్కుపోయారనుకోండి, పలచటి రేకు ముక్క సన్నగా కత్తిరించి షాఫ్ట్ చుట్టూ పెట్టి రాడ్ బిగిస్తే ఇల్లు చేరతారు.

ప్రశ్న: తాతగారి బండికి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉన్నాయి. ఇది ఎవరో మార్పించిందా, తయారీలోనే అంతా? ఎడమకు మార్పించుకోవచ్చా? — మనవడు

జవాబు: తయారీలోనే అంత. పాత ఇంగ్లీషు బళ్ళలో చాలావాటికి గేరు కుడి కాలికే. అమెరికాలో 1975 మోడళ్ళ నుంచి గేరు ఎడమ కాలికే ఉండాలని నియమం పెట్టడంతో, అక్కడ అమ్ముకోవాలనుకున్న కంపెనీలన్నీ మారక తప్పలేదు. కొన్ని కంపెనీలైతే తొందరలో ఇంజన్ అలాగే ఉంచి, అడ్డంగా ఒక షాఫ్ట్ వేసి గేరును ఎడమకు లాగాయి. మీకు మార్చి ఇస్తామనేవాళ్ళు కూడా అలాంటి అడ్డ షాఫ్టో, లింకు కడ్డీలో వేస్తారు. ఒక్కో కీలుకు ఒక్కో చిటికెడు ఆట, అన్నీ కలిసి పాదం దగ్గరకొచ్చేసరికి గేరు పడిందో లేదో తెలియని మెత్తదనం వస్తుంది. బ్రేకును కూడా ఎడమ నుంచి కుడికి మార్చాలి, అది మరో తలనొప్పి.

మీకు ఇంకో బండి లేకపోతే ఉన్నది ఉన్నట్టే నేర్చుకోండి, వారం పడుతుంది. రెండు రకాలూ రోజు మార్చి రోజు నడిపేవాళ్ళకే ప్రమాదం. అడ్డంగా ఏదైనా వచ్చినప్పుడు కాలు ఆలోచించదు, అలవాటైన చోట తొక్కుతుంది. బ్రేకనుకొని గేరు తొక్కుతారు. నేను ఇప్పటికీ అలాంటి బండి షెడ్డులోంచి బయటికి తీసేటప్పుడు, కదిలే ముందు ఎడమ పాదంతో బ్రేకును రెండుసార్లు నొక్కి చూసుకుంటాను.